ఏళ్ల తరబడి అజీర్తి: క్లినికల్ ట్రయల్స్ ఏం తేల్చాయి, మీరేది ఎంచుకోవాలి

ఎండోస్కోపీలో పుండు లేదు, గడ్డ లేదు. స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్లూ లేవు. అయినా నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతుంది. లేదా మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రం దాకా గుండెల మీదే కూర్చున్నట్టుంటుంది. ఇంకొందరికి ఖాళీ కడుపుతో ఉన్నా పై పొట్టలో మంట. డాక్టరు ఒక మందు రాస్తారు, నెలన్నర వాడాక ఇంకొకటి, ఆ తర్వాత రెండూ కలిపిన మూడోది. పక్కింటివాళ్లు జీలకర్ర నీళ్లు తాగమంటారు, ఫోన్‌లో వీడియో పసుపు గుళికలు వేసుకోమంటుంది. ఇన్నిటి మధ్య దేన్ని నమ్మాలో తెలియక తికమకపడే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ బాధను వైద్యులు ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాలు దీన్ని ఇలా చెప్పాయి: బాధ మొదలై కనీసం ఆరు నెలలు అయ్యుండాలి, గత మూడు నెలలుగా ఇబ్బంది పెడుతుండాలి, ఎండోస్కోపీలో దాన్ని వివరించే జబ్బేదీ కనిపించకూడదు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి భోజనంతో ముడిపడినది: తిన్నాక బరువు, కొంచెం తినగానే చాలనిపించడం. రెండోది పై పొట్టలో నొప్పి, మంట. కొందరికి రెండూ కలిసే ఉంటాయి. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి, ఎందుకంటే మందు ఎంపిక చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక వారం పాటు ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏ బాధ వచ్చిందో రాసి డాక్టరు ముందు పెడితే, ఆయనకు అది సగం పరీక్షలతో సమానం.

మొదటే ఒక మాట. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగుడు పడకపోయినా, మలం తారులా నల్లగా వస్తున్నా, రక్తం వాంతి అయినా, రక్తం తక్కువైందని తేలినా, నడివయసు దాటాక ఈ బాధ కొత్తగా మొదలైనా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి వెంటనే పరీక్షలకు వెళ్లండి. అలాగే నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీలోనో పై పొట్టలోనో పట్టేసినట్టుండి, చెమటలు పట్టి, ఆగితే తగ్గే నొప్పిని "గ్యాసే" అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఇళ్లలో గ్యాస్ నొప్పి అనుకుని ఆలస్యం చేసిన గుండెపోట్లు చాలా ఉన్నాయి. ముందు ఈసీజీ తీయించాలి.

ఏ అంకె చూడాలి?

"ఈ మందుతో వందలో అరవై మందికి తగ్గింది" అని ఎవరైనా చెబితే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మందేమీ లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఎంతమందికి తగ్గింది? ఆ ఉత్తి మాత్రనే ప్లాసిబో అంటారు. అజీర్తి ట్రయల్స్‌లో ప్లాసిబో వేసుకున్నవాళ్లలో కూడా వందకు ముప్పై, నలభై మందికి నెమ్మదిస్తుంది. ఈ బాధకు ఎక్కువ తక్కువలున్నాయి. బాగా ఎక్కువైనప్పుడే మనిషి ఆసుపత్రికి వెళ్తాడు, ఆ తర్వాత కొంత తనంతట తానే తగ్గుతుంది. పైగా ఒక డాక్టరు శ్రద్ధగా వినడం, ధైర్యం చెప్పడం కూడా కడుపు మీద పని చేస్తాయి, ఎందుకంటే కడుపుకీ మెదడుకీ నరాల దారి ఉంది. అందుకే మందు పుణ్యమెంతో తెలియాలంటే రెండు గుంపుల మధ్య తేడానే చూడాలి.

ఇటోప్రైడ్ కథ చూస్తే ఇది బాగా తెలుస్తుంది. పేగుల కదలిక పెంచుతుందని మన దగ్గర రాబెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి ఎసిడిటీ మాత్రలతో కలిపి తెగ రాసే మందు ఇది. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీని మీద ఒక ట్రయల్ వచ్చింది. 554 మంది, 8 వారాలు. ప్లాసిబోతో 41 శాతం మందికి బాగా తగ్గింది లేదా పూర్తిగా పోయింది. ఇటోప్రైడ్ వాడినవాళ్లలో మోతాదును బట్టి 57, 59, 64 శాతం. మోతాదు పెరిగేకొద్దీ ఫలితం పెరగడం చూసి, కొత్త మందు దొరికినట్టేనని చాలామంది సంబరపడ్డారు. తర్వాత అదే మందును మరింత పెద్ద స్థాయిలో, రెండు వేర్వేరు ట్రయల్స్‌లో (అనుమతికి ముందు ఎక్కువమంది మీద చేసే మూడో దశవి), మొత్తం 1,170 మంది మీద పరీక్షించి 2008లో ఫలితాలు బయటపెట్టారు. ఒకదానిలో ఇటోప్రైడ్‌తో 45.2 శాతం, ప్లాసిబోతో 45.6 శాతం. రెండోదానిలో 37.8, 35.4. అంటే తేడా లేనట్టే లెక్క. మొదటి ట్రయల్ ఒక్కటే చదివి ఆగిపోయినవాళ్లకు ఇది అద్భుతమైన మందు. రెండూ చదివినవాళ్లకు కాదు. ఒకే ఒక్క చిన్న ట్రయల్ ఆధారంగా ఎవరేది అమ్మినా నేను తొందరపడను. మీరూ పడొద్దని నా మనవి.

పైలోరి పరీక్ష చేయించారా?

మందుల జాబితాలోకి వెళ్లే ముందు ఇది తేల్చుకోవాలి. హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బాక్టీరియా మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఉంటుంది. చాలామందికి దానివల్ల ఏ బాధా ఉండదు. అజీర్తి ఉన్నవాళ్లలో దాన్ని నిర్మూలిస్తే తగ్గుతుందా అన్నదాని మీద 1998 డిసెంబరులో ఒకే పత్రిక, ఒకే సంచికలో రెండు ట్రయల్స్ అచ్చయ్యాయి, రెండూ రెండు దారులు పట్టాయి. గ్లాస్గోలో జరిగినదానిలో యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో ఏడాది తర్వాత 21 శాతం మందికి బాధ పోయింది, ఒక్క ఒమెప్రజోల్ మాత్రమే వాడినవాళ్లలో 7 శాతం. పలు దేశాల్లో జరిపిన రెండోదానిలో 27.4, 20.7 శాతం. ఆ తేడా గణాంకాల లెక్కకు నిలబడలేదు. తర్వాత 2011లో బ్రెజిల్ నుంచి 404 మందితో మరో ట్రయల్ వచ్చింది. ఏడాది తిరిగేసరికి బాధ కనీసం సగానికి తగ్గినవాళ్లు యాంటీబయాటిక్స్ వాడిన గుంపులో 49 శాతం, వాడని గుంపులో 36.5. ఇలాంటివన్నీ కలిపి చూసిన విశ్లేషణల సారాంశం: సుమారు 14 మందికి పైలోరి చికిత్స చేస్తే ఒకరికి దానివల్ల అదనంగా అజీర్తి నయమవుతుంది.

14లో ఒకరు అంటే తక్కువే అనిపిస్తుంది. అయినా నేను దీన్నే ముందు పెడతాను. మిగతా మందులన్నీ వాడినన్నాళ్లే పని చేస్తాయి. ఇది రెండు వారాల కోర్సు, తర్వాత మాత్రతో పనిలేదు. పైగా పైలోరి పోతే కడుపు పుండ్ల ముప్పు, కడుపు క్యాన్సర్ ముప్పు తగ్గుతాయి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరి మన దగ్గర పెరిగింది, అందుకే బిస్మత్‌తో కలిపి నాలుగు మందుల కోర్సు 14 రోజులు ఇచ్చే పద్ధతి వచ్చింది. వికారం, నోట్లో చేదు, నల్లటి మలం ఆ రోజుల్లో మామూలే. మధ్యలో ఆపేస్తే బాక్టీరియా మొండికేస్తుంది.

పరీక్షకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఊపిరి పరీక్షకైనా మల పరీక్షకైనా ఎసిడిటీ మాత్ర కనీసం రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు ఆగి ఉండాలి. లేకపోతే బాక్టీరియా ఉండి కూడా లేనట్టు రిపోర్టు వస్తుంది. చాలా ల్యాబ్‌లలో ఈ సంగతి అడగరు, మీరే చెప్పాలి. రక్త పరీక్షతో తేల్చడం సరిపోదు, ఎప్పుడో వచ్చి పోయినదానికి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది.

ఎసిడిటీ మాత్రలు: మంట ఉన్నవాళ్లకు, కొన్నాళ్లకు

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్. పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర. వీటిమీద 2017లో కోక్రేన్ సమీక్ష వచ్చింది (ఒక మందు మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి లెక్కగట్టే సంస్థ కోక్రేన్). ప్లాసిబోతో పోల్చిన 18 ట్రయల్స్, 6,172 మంది. లెక్క: 11 మంది వాడితే ఒకరికి అదనపు మేలు. తక్కువ మోతాదూ మామూలు మోతాదూ దాదాపు ఒకేలా పనిచేశాయి. కాబట్టి 20తో తగ్గకపోతే 40, దాంతో తగ్గకపోతే పూటకొకటి అని పెంచుకుంటూ పోవడంలో లాభం కనబడదు.

ఆ ట్రయల్స్ ఎక్కువభాగం రెండు నుంచి ఎనిమిది వారాలవి. మన ఇళ్లలో మాత్రం ఈ మాత్ర ఏళ్లకేళ్లు సాగుతుంది. మా పిన్నిని అడిగాను, ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నావని. "ఏమో రా, మీ బాబాయి పోయినప్పటి నుంచి అనుకుంటా. మానేస్తే మూడో రోజుకల్లా మంట, ఇంక నాకిది తప్పదు" అంది. ఆమె మాట అబద్ధం కాదు, కానీ ఆ మంటకు వేరే కారణం ఉండొచ్చు. డెన్మార్క్‌లో 2009లో 120 మంది ఆరోగ్యవంతుల మీద, అసలు కడుపు బాధే లేనివాళ్ల మీద, ఒక ట్రయల్ చేశారు. సగం మందికి ఎసోమెప్రజోల్ 8 వారాలిచ్చి ఆపి, ఆ తర్వాత తెలియకుండా ప్లాసిబో ఇచ్చారు. మిగతా సగానికి మొదటి నుంచీ ప్లాసిబోనే. మందు ఆపిన తర్వాతి వారాల్లో మొదటి గుంపులో 44 శాతం మందికి మంట, పులి తేన్పులు వచ్చాయి. రెండో గుంపులో 15 శాతానికే. ఆమ్లాన్ని చాలాకాలం అణచి ఉంచితే, ఆపగానే కడుపు ఎక్కువ ఆమ్లం ఊరిస్తుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఇది తెలియక మాత్ర మళ్లీ మొదలుపెడతారు, మంట తగ్గుతుంది, ఇంక జీవితాంతం తప్పదనుకుంటారు. ఒక్కసారిగా మానకుండా, డాక్టరుకు చెప్పి, మోతాదు సగం చేసి, రోజు విడిచి రోజు వేసుకుంటూ, మధ్యలో మంట వస్తే మామూలు యాంటాసిడ్ సిరప్‌తో గడుపుకుంటూ వదిలించుకోవచ్చు. పుండు ఉన్నవాళ్లు, గుండె కోసం యాస్పిరిన్ వాడే పెద్దవాళ్లు, అన్నవాహిక దెబ్బతిన్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు.

నా సలహా: మంట, నొప్పి రకమైతే నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడండి. తేడా లేకపోతే అది మీ మందు కాదు. ఆపేసి తర్వాతి దానికి వెళ్లండి.

తిన్నాక బరువుగా ఉండే రకానికి

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ మోసపోతున్నారు, ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. పేగుల కదలిక పెంచే మందులంటూ వచ్చేవి ఇవి. ఒకప్పుడు సిసాప్రైడ్ బాగా వాడేవారు. గుండె లయ దెబ్బతిని ప్రాణాలు పోతున్నాయని అమెరికాలో 2000లో మార్కెట్ నుంచి తీసేశారు, మన దేశంలో 2011లో నిషేధించారు. 2018 కోక్రేన్ సమీక్ష ఈ కోవ మందులన్నిటినీ కలిపి చూస్తే 7 మందిలో ఒకరికి మేలు అని తేలింది. కానీ సిసాప్రైడ్ ట్రయల్స్‌ను తీసేసి లెక్కిస్తే అది 12 మందిలో ఒకరికి పడిపోయింది. ఆ సాక్ష్యం నాణ్యత కూడా చాలా తక్కువని వాళ్లే రాశారు.

డోంపెరిడోన్ సంగతి మన పాఠకులకు తప్పక తెలియాలి. మీ ఎసిడిటీ మాత్ర షీటు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. పాంటోప్రజోల్ 40 మి.గ్రా. పక్కన డోంపెరిడోన్ 30 మి.గ్రా. అని ఉంటే, మీకు తెలియకుండానే రెండో మందు కూడా రోజూ వాడుతున్నారు. గుండె లయ మీద ప్రభావం చూసి యూరప్ మందుల సంస్థ 2014లో దీన్ని వాంతులకు, వికారానికి మాత్రమే, సాధారణంగా వారం రోజులకు మించకుండా వాడాలని పరిమితి పెట్టింది. మన దగ్గర మందుల షాపులో చీటీ లేకుండా నెలకు నెల కొనుక్కుంటున్నారు. అరవై దాటినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. లెవోసల్పిరైడ్ కలిపిన మాత్రలూ ఉన్నాయి. వాటితో కొందరికి చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం, ఆడవాళ్లకు నెలసరి తప్పడం, పాలు రావడం జరుగుతాయి. పెద్దవాళ్లలో ఆ వణుకును పార్కిన్సన్ అనుకుని ఇంకో మందు మొదలుపెట్టే ప్రమాదమూ ఉంది. కడుపు బరువు కోసం వీటిని నెలల తరబడి మింగడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

వీటికంటే అకోటియామైడ్ మేలు. జపాన్‌లో 2012లో అచ్చయిన మూడో దశ ట్రయల్‌లో 897 మంది పాల్గొన్నారు. అందరూ భోజనంతో ముడిపడిన బాధ ఉన్నవాళ్లే. 100 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, 4 వారాలు. మొత్తం మీద మెరుగైందని చెప్పినవాళ్లు 52.2 శాతం, ప్లాసిబోతో 34.8. ఇది బాగానే ఉంది. కానీ తిన్నాక బరువు, ఉబ్బరం, త్వరగా నిండిపోవడం, ఈ మూడూ పూర్తిగా పోయినవాళ్లు 15.3 శాతమే, ప్లాసిబోతో 9. అంటే నెమ్మది దొరుకుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం ఆశపడకూడదు. మందు ఆపిన తర్వాతి నాలుగు వారాలు కూడా మేలు నిలిచింది. జపాన్ 2013లో అనుమతించింది, మన దేశంలోనూ దొరుకుతుంది. బరువు, ఉబ్బరం రకానికి ఒక్క మందే ఎంచుకోమంటే నేను దీన్నే చెబుతాను. నెల వాడి, తేడా లేకపోతే ఆపేయండి.

నరాల మందు అనగానే భయపడకండి

"డాక్టరు గారు నాకు పిచ్చి మందు రాశారు" అని చీటీ చింపేసినవాళ్లను చూశాను. బాధగా ఉంటుంది, ఎందుకంటే నొప్పి రకానికి ఉన్నవాటిలో గట్టి సాక్ష్యం వీటికే ఉంది. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ కోసం పుట్టిన మందే, కానీ కడుపుకు వాడే మోతాదు తక్కువ, పని కూడా వేరు. కడుపు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను అది తగ్గిస్తుంది.

ఉత్తర అమెరికాలో 8 కేంద్రాల్లో జరిగి 2015లో వెలువడిన ట్రయల్ దీనికి ఆధారం. 292 మందిని మూడు గుంపులు చేసి అమిట్రిప్టిలిన్ 50 మి.గ్రా., ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., ప్లాసిబో ఇచ్చారు. తగినంత ఊరట దొరికినవాళ్లు వరుసగా 53, 38, 40 శాతం. ఎస్సిటాలోప్రామ్ కూడా డిప్రెషన్ మందే, ఇంకా కొత్తది కూడా, అయినా ప్లాసిబోను దాటలేకపోయింది. కాబట్టి మనసును ఉల్లాసపరిచి కడుపు నయం చేస్తున్నదన్న వాదన నిలవదు. నొప్పి ప్రధానంగా ఉన్నవాళ్లలో అమిట్రిప్టిలిన్ మేలు ఎక్కువగా కనబడింది. కడుపు ఖాళీ కావడం ఆలస్యమయ్యేవాళ్లలో కనబడలేదు. అందుకే బరువు రకానికి ఇది మొదటి ఎంపిక కాదు.

హాంకాంగ్‌లో 2018లో ఇంకో పని చేశారు. ఎసిడిటీ మాత్రలు, కదలిక మందులు రెండూ వాడి విసిగిపోయిన 107 మందిని తీసుకుని ఇమిప్రమైన్ 50 మి.గ్రా. 12 వారాలిచ్చారు. ఊరట 63.6 శాతానికి, ప్లాసిబోతో 36.5. అన్నీ వాడేశాను, ఇంకేముంది అనుకునేవాళ్లు ఈ అంకెను డాక్టరు దగ్గర ప్రస్తావించవచ్చు. అయితే ఇమిప్రమైన్ వాడినవాళ్లలో 18 శాతం మంది ఆ మందు ఒంటికి పడక మధ్యలో మానేశారు. నోరెండిపోవడం, మత్తు, మలబద్ధకం ఈ మందుల సాధారణ ఇబ్బందులు. గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ వాపు, గుండె లయ సమస్య ఉంటే ముందే చెప్పాలి. మన డాక్టర్లు సాధారణంగా రాత్రిపూట 10 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదటి వారం మగతే తప్ప మేలు కనబడదు. నెల దాకా ఓపిక పట్టాలి.

త్వరగా నిండిపోవడం వల్ల తిండి తగ్గి బరువు కోల్పోయినవాళ్లకు మిర్టాజపైన్ మీద 34 మందితో ఒక చిన్న ట్రయల్ 2016లో వచ్చింది. త్వరగా నిండిపోవడం తగ్గింది, బరువు పెరిగారు. సంఖ్య చిన్నదే గానీ అలాంటి మనిషికి వేరే మంచి దారి లేదు.

పసుపు, మిరపకాయ, పప్పు

ఇది వంటింటి విషయం కాబట్టి అందరికీ ఆసక్తే. థాయిలాండ్‌లో 206 మంది మీద జరిగి 2023లో వెలువడిన ట్రయల్‌లో కర్క్యుమిన్‌ను ఒమెప్రజోల్‌తో పోల్చారు. 250 మి.గ్రా. గుళికలు రెండేసి చొప్పున రోజుకు నాలుగుసార్లు ఒక గుంపుకు, ఒమెప్రజోల్ 20 మి.గ్రా. మరో గుంపుకు, రెండూ మూడో గుంపుకు. మూడింటిలోనూ బాధ ఇంచుమించు ఒకేలా తగ్గింది. "పసుపు ఎసిడిటీ మాత్రతో సమానం" అని పత్రికలు రాశాయి. కానీ ఈ ట్రయల్‌లో ప్లాసిబో గుంపు లేదు. పైన చెప్పిన లెక్క గుర్తుంటే, ఉత్తి మాత్రతోనే వందలో ముప్పై నలభై మందికి తగ్గుతుంది. రెండూ సమానంగా పనిచేశాయా, సమానంగా పనిచేయలేదా అన్నది దీనితో తేలదు. పైగా రెండూ కలిపి వేసుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఆ మోతాదు రాదు. గుళికలు కొనేవాళ్లు, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి కొనేవాళ్లు, వాటివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయని తెలుసుకుని కొనాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వీటి జోలికే పోవద్దు.

మిరపకాయ మీద ట్రయల్ ఉందంటే గుంటూరువాళ్లు సంతోషిస్తారు. ఇటలీలోని బొలోన్యాలో 30 మందికి రోజుకు 2.5 గ్రాముల ఎండుమిరప పొడి గుళికల్లో పెట్టి 5 వారాలిచ్చారు. 2002లో ఫలితాలు వచ్చాయి. బాధ 60 శాతం దాకా తగ్గింది, ప్లాసిబోతో 30 శాతం లోపే. మిరపలోని క్యాప్సైసిన్ నొప్పి నరాలను మొదట రెచ్చగొట్టి, రోజూ తగులుతుంటే మొద్దుబారుస్తుంది. కాబట్టి మొదటి రోజుల్లో మంట పెరుగుతుంది. 30 మంది ట్రయల్‌ను పట్టుకుని ఆవకాయ మందని చెప్పలేం, అందులో నూనె, ఉప్పు కూడా ఉన్నాయి. కానీ కారం తిన్నందువల్లే ఈ జబ్బు వచ్చిందని ఇంట్లోవాళ్లు తిట్టే తిట్లకు ఇందులో ఆధారం లేదు. మీకు కారం తింటే బాధ పెరిగితే తగ్గించండి. పెరగకపోతే చప్పిడి కూడు తిని మనసు చంపుకోనక్కర్లేదు.

లో-ఫాడ్‌మ్యాప్ ఆహారం గురించి ఇప్పుడు ఎక్కువ వింటున్నాం. అంటే సరిగా అరగక పేగుల్లో పులిసి గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలు తక్కువగా ఉండే తిండి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు తగ్గించమంటారు. తెలుగింట్లో ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు తీసేస్తే ఇక చారే మిగులుతుంది. పంజాబ్‌లోని లూథియానాలో దీన్ని మామూలు సలహాతో, అంటే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం, నూనె, మసాలా, టీ కాఫీ తగ్గించడంతో పోల్చి 2022లో ప్రచురించారు. నాలుగు వారాలకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉబ్బరం ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం లో-ఫాడ్‌మ్యాప్ కాస్త మెరుగు. కాబట్టి మామూలు సలహాతోనే మొదలుపెట్టండి. రాత్రి భోజనం పెందలాడే చేయడం, ఒకే పూట కడుపు నిండా తినకపోవడం, వేపుళ్లు తగ్గించడం. పప్పు మానాల్సిన పని లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఆక్యుపంక్చర్ మీద చైనాలో 278 మందితో 2020లో మంచి ట్రయల్ వచ్చింది, మెరుగైనవాళ్లు 83 శాతం, ఉత్తుత్తి సూదులతో 51.6. ఫలితం బాగుంది కానీ అంత శిక్షణ ఉన్నవాళ్లు మన ఊళ్లలో దొరకడం కష్టం. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ రెండు వారాలిచ్చిన హాంకాంగ్ ట్రయల్ 86 మందిది, ప్రోబయాటిక్ మీద బెల్జియం ట్రయల్ 68 మందిది. రెండింటిలోనూ తేడా కనబడింది, కానీ ఇటోప్రైడ్ అనుభవం తర్వాత అంత చిన్నవాటిమీద నేను భారం వేయను. ప్రోబయాటిక్ విషయంలో ఇంకొకటి. ఆ ట్రయల్‌లో వాడింది రెండు ప్రత్యేక రకాల బాసిల్లస్ బాక్టీరియా. షాపులో దొరికే సాచెట్‌లో ఉన్నవి అవే కానక్కర్లేదు.

ట్రయల్‌లో చేరమంటే?

మందులన్నీ అయిపోయినవాళ్లకు పెద్ద ఆసుపత్రుల్లో కొన్నిసార్లు ఈ మాట వస్తుంది. "మా మీద ప్రయోగాలా" అని చాలామంది లేచి వచ్చేస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బు కోసం ఆరోగ్యవంతులు మందు మింగి రక్తమిచ్చే బయో-ఈక్వివలెన్స్ పరీక్షల గురించి విన్నవాళ్లకు ఆ భయం సహజం. రోగుల మీద జరిగే ట్రయల్ వేరు. అక్కడ చేరేది జబ్బు ఉన్నవాళ్లే, మందుకూ పరీక్షలకూ డబ్బు తీసుకోరు.

చేరాలా, మామూలు వైద్యమే కొనసాగించాలా అన్నది ఇలా తేల్చుకోవచ్చు. పైలోరి పరీక్ష కాలేదు, ఎసిడిటీ మాత్ర కోర్సుగా వాడలేదు, అమిట్రిప్టిలిన్ పేరే వినలేదు అంటే మీకు ఇంకా తేలికైన దారులున్నాయి, ముందు అవి చూడండి. అవన్నీ అయ్యి, నెలకు రెండుసార్లు ఆసుపత్రికి రాగలిగితే, కొన్ని వారాలు ప్లాసిబో పడే అవకాశాన్ని తట్టుకోగలిగితే, ట్రయల్ మంచి ఎంపికే. ప్రాణాపాయం లేని జబ్బు కాబట్టి ఇందులో ప్లాసిబో ఇవ్వడం అన్యాయం కాదు. కానీ చేరే ముందు ఇప్పటి మందులన్నీ ఆపమంటారు. ఆ ఒకటి రెండు వారాలు గట్టిగానే ఉంటాయి. గర్భిణులు, కాలేయ, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లను మామూలుగా తీసుకోరు.

2009 జూన్ 15 నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేయడం తప్పనిసరి. నమోదు నంబరు అడిగి, ఆ వెబ్‌సైట్‌లో చూడండి. ఎవరు నడుపుతున్నారు, ఏ దశ, ఎంతమంది, దేనితో పోలుస్తున్నారు, ఏది కొలుస్తున్నారు అన్నీ అందులో ఉంటాయి. "ఏది కొలుస్తున్నారు" అన్నచోట రోగి చెప్పే ఊరట కాకుండా కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతున్నదన్నదే ఉంటే, మందు గెలిచినా మీ బాధ తగ్గుతుందని లెక్క కాదు. కడుపు త్వరగా ఖాళీ చేయించి కూడా బాధ తగ్గించలేని మందులు ఈ రంగంలో వచ్చాయి.

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో కనీసం సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో కావాలని అడగండి. చదవడం రానివాళ్లకు సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, మానేయవచ్చు. మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

అడగాల్సినవి కొన్ని: మంట భరించలేకపోతే మధ్యలో యాంటాసిడ్ వేసుకోనిస్తారా? అర్ధరాత్రి ఏమైనా అయితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? నాకు బాగా పనిచేస్తే ట్రయల్ అయ్యాక ఆ మందు దొరుకుతుందా? నాకు పడింది మందా, ప్లాసిబోనా అన్నది చివర్లో చెబుతారా? రానూపోనూ ఖర్చు ఎవరిది? జవాబులు అక్కడికక్కడే నమ్మేయకుండా పత్రంలో ఎక్కడుందో చూపించమనండి. ఆ రోజే సంతకం పెట్టాలన్న నిబంధన ఏదీ లేదు. పత్రం ఇంటికి తెచ్చుకుని, ఇంట్లోవాళ్లకు చూపించి, మీ మామూలు డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి. సంతకం పెట్టాక ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు అందులోనే ఉంటుంది.